టీసీ అడిగిన రోజే ఇవ్వొద్దు

నేను చేసిన ఉద్యోగానికి ఒక్కో ఊరు ఒక్కో పేరు పెట్టింది. జమ్మలమడుగులో నన్ను "స్కాలర్‌షిప్పుల మేడం" అన్నారు. ప్రొద్దుటూరులో "కిటికీ మేడం" అన్నారు, పిల్లలు కిటికీ బయట నిలబడే మాట్లాడేవారు కాబట్టి. పులివెందులలో ఏకంగా "టీసీ ఇయ్యని మేడం" అన్నారు. మూడింట్లో నాకిష్టమైనది చివరిదే. అది బిరుదులాంటిది. దాన్ని ఎలా సంపాదించానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొన్న నా పాత సీట్లో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసి, "నూర్జహాన్ మేడం, ఈ సెక్షన్లో ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. కంప్యూటరు నాకంటే ఆమెకే బాగా వచ్చు. రూల్సంటారా, మనం వాటిని నేర్చుకునేలోపే మారిపోతాయి. కానీ కాలేజీ మెట్లెక్కే పిల్లలూ, వాళ్ళను పంపే ఇళ్ళూ అంత తొందరగా మారవు. నాకు తెలిసింది వాళ్ళ గురించే.

కనిపించే ఫీజు, కనిపించని ఫీజు

స్కాలర్‌షిప్ అంటే కాలేజీ ఫీజు కట్టే డబ్బు అని బయటివాళ్ళు అనుకుంటారు. ఫీజు బోర్డు మీద రాసి ఉంటుంది కాబట్టి అందరికీ కనిపిస్తుంది. కనిపించనివి వేరే ఉన్నాయి. బస్సు చార్జీ, హాస్టల్ మెస్సు, రికార్డు పుస్తకాలు, ల్యాబ్‌లో పగిలిన గాజు సామాన్ల డబ్బు, తెగిన చెప్పులు. అన్నిటికంటే పెద్దది ఇంకొకటి. పులివెందుల చుట్టుపక్కల చీనీకాయలు, అంటే బత్తాయిలు, కోతకొచ్చే రోజుల్లో ఆడపిల్ల కాలేజీకి పోయిందంటే, ఆ ఇంట్లో ఒక కూలి తగ్గినట్టే. ఆ లెక్క ఏ బోర్డు మీదా ఉండదు. ఇంటికొచ్చిన మేనమామ నోట్లో ఉంటుంది. "దీనికి సదువేంది, పనికి పంపియ్యక" అని అన్నం తింటూనే అంటాడు.

స్కాలర్‌షిప్ వచ్చిన ఇంట్లో తండ్రి అదే మేనమామకు తల ఎత్తి జవాబు చెప్తాడు. "గవర్నమెంటు సదివిస్తాంది, నీకేంది బావా నొప్పి?" అంటాడు. ఆ ఒక్క మాటతో ఆ పిల్లకు ఒక ఏడాది దొరుకుతుంది. ఈ మాట నేను ఎన్ని ఇళ్ళలో విన్నానో చెప్పలేను, విన్న ప్రతిసారీ నాకే జీతం పెరిగినంత సంతోషమేసింది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ప్రభుత్వం డబ్బు ఆలస్యంగా వస్తుంది, కాలేజీ మాత్రం టైముకి అడుగుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న సందులోనే పిల్లలు జారిపోతారు. మన ఉద్యోగం ఆ సందులో అడ్డంగా నిలబడటం. కంప్యూటర్లో వివరాలు ఎక్కించడం ఎవరైనా చేస్తారు.

సుబ్బరాయుడు గారి తాళంచెవి

జమ్మలమడుగులో నా మొదటి సూపరింటెండెంటు సుబ్బరాయుడు గారు. నోరు మంచిది కాదు. నస్యం పీల్చి, తుమ్మి, ఆ తుమ్ముకు కూడా మమ్మల్నే తిట్టేవాడు. కానీ ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఆయనదే. ఎవరైనా విద్యార్థి చదువు మానేస్తానని టీసీ అడిగితే, ఆయన బీరువా తాళంచెవిని తన టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో వేసేసి, "తాళంచెవి కనపడలేదు, ఎల్లుండి రాపో" అనేవాడు.

నాకు కోపమొచ్చి ఒకరోజు అడిగేశాను, పిల్లల్ని ఎందుకిలా తిప్పుతారని. ఆయన నస్యం డబ్బా మూసి, "సదువు ఇడిసిపెట్టేటోడు టీసీ కోసం రాడమ్మా. ఎవురన్నా వద్దంటారేమోనని వస్తాడు. ఆ మాట వాళ్ళింట్లో ఎవురూ అనలేదు. మనం గూడా అనకపోతే ఎట్ల?" అన్నాడు.

వేరే కాలేజీలో చేరేవాళ్ళకు నేను టీసీ ఒక్క గంట కూడా ఆపలేదు. అది వాళ్ళ హక్కు. ఇంటికి పోయేవాళ్ళకు మాత్రం అడిగిన రోజే ఇచ్చిన పాపాన పోలేదు.

మస్తాన్ భాయ్ పౌరుషం

ప్రొద్దుటూరులో పరుపులు కుట్టే మస్తాన్ భాయ్ ఒకసారి నా కిటికీ దగ్గరికొచ్చి, కొడుకుకు వచ్చిన స్కాలర్‌షిప్ వాపసు తీసుకోమన్నాడు. ఈ మాట అన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"మేడం, మా ఇంట్లో జకాత్ తీసుకునేటోల్లు ల్యారు. ఇచ్చేటోల్లమే," అన్నాడు. జకాత్ అంటే ఉన్నవాళ్ళు పేదలకు విడిచిపెట్టాల్సిన దానం. అది తీసుకున్నారని వీధిలో అనుకుంటారని ఆయన భయం.

"భాయ్, పరుపు కుట్టే దారం కొంటావు కదా, దాని మీద పన్ను ఎవరు కడతాండారు?" అని అడిగాను.

"నేనే కడతాండా."

"సబ్బు మీద? బండిలో పోసే పెట్రోలు మీద?"

"అదీ నేనే."

"మరి దానం ఎవరు చేసినట్టు? నువ్వు కట్టినదే ఊరందరిదాంతో కలిసి నీ కొడుక్కి వచ్చింది. రేపు నీ కొడుకు ఉద్యోగం చేసి కడితే ఇంకొకరి బిడ్డ చదువుతుంది."

మస్తాన్ భాయ్ పట్టుకున్న కిటికీ ఊచను వదిలాడు. "అట్లయితే సరే. వానితో గట్టిగా కట్టిస్తా," అని పోయాడు. ఆ పిల్లవాడు ఇప్పుడు పన్ను కట్టేంత జీతంలోనే ఉన్నాడు, తండ్రి ప్రతి ఏడాదీ అడిగి మరీ కట్టిస్తాడు.

కొత్తగా చేరేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. మా సీమలో మనిషికి లేకపోవడం కంటే లేదని చెప్పడం కష్టం. నోటికి వచ్చిన బూతు తిడతారు కానీ, "మాకు లేదు" అనే మాట గొంతు దాటదు. మన పత్రాలన్నీ మాత్రం ఆ ఒక్క మాటనే అడుగుతాయి.

మల్లేశ్వరి

ఇక అసలు కథకు వస్తాను. పులివెందులలో నా సర్వీసు చివరి ఏళ్ళలో జరిగింది. మల్లేశ్వరి బీఎస్సీ కెమిస్ట్రీ చదివేది. వాళ్ళది వేముల వైపు ఒక పల్లె, పేరు రాయను. తండ్రి ఓబులేసు గొర్రెల కాపరి. కోతలైన చేలల్లో మంద కడితే, ఆ ఎరువు కోసం రైతులు ఇచ్చే గింజలే ఇంటికి ఆధారం. తల్లి లక్షుమ్మ చీనీ తోటల్లో కూలికి పోతుంది. క్లాసులో మొదటి మార్కు ఎప్పుడూ మల్లేశ్వరిదే, అయినా రెండో బెంచీలో కూర్చునేది. ముందు బెంచీలో కూర్చుంటే వెనకవాళ్ళకు బోర్డు కనపడదట, ఆమె పొడుగు.

ఒకరోజు పొద్దున్నే వచ్చి, తలకు నూనె రాసి దువ్వుకుని, శుభ్రంగా నిలబడి, "టీసీ ఇప్పియ్యండి మేడం," అంది.

"ఏ కాలేజీకి?"

"యాడికీ కాదు మేడం. ఇంటికే."

బయట ఓబులేసు హాస్టల్ నుంచి తెచ్చిన పెట్టెను భుజాన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. సంగతేమిటంటే, ఆమె స్కాలర్‌షిప్ రద్దయింది. పల్లె సచివాలయం నుంచి ఇంటికి తనిఖీకి వచ్చినతను, కుటుంబం బాగా ఉన్నదని రాశాడు. ఇక ఫీజు, హాస్టల్ ఖర్చు అంతా వాళ్ళ మీదే పడింది.

"మా నాయన సొంత గొర్రెలు అమ్ముతా అన్యాడు మేడం. అవి అమ్మితే ఆయప్ప చేతిలో కట్టె తప్ప ఏం మిగల్దు. నేనే నిలిచిపోతా," అంది మల్లేశ్వరి. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది నాకు.

"టీసీ బుక్కు బీరువాలో ఉంది. తాళంచెవి అటెండరు దగ్గర ఉంది. అటెండరు కడపకు పోయినాడు," అన్నాను.

కడపకు పోయిన అటెండరు సరిగ్గా అప్పుడే టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చాడు. మల్లేశ్వరి అతన్ని చూసింది, నన్ను చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

బయటికి పోయి ఓబులేసుతో చెప్పాను, పెట్టె మళ్ళీ హాస్టల్లో దించి రమ్మని.

"ఊరికే తిప్పొద్దు మేడమ్మా. ఆడ మంద ఇడిసిపెట్టి వచ్చినా," అన్నాడు.

"మందను ఎవరన్నా చూసుకుంటారు లేప్పా. ఈ పిల్లను నేను చూసుకుంటా. నాలుగు రోజులు ఓపిక పట్టు."

అతనికి నా మీద నమ్మకం కలగలేదు. కానీ పెట్టె మోసి భుజం నొప్పి పుట్టినట్టుంది, దించాడు.

ఒక్క మాట

తనిఖీ చేసిన అబ్బాయి పేరు చరణ్. వెధవ పని చేశాడనుకుని, నాలుగు దులపాలనే సచివాలయానికి పోయాను. చూస్తే మర్యాదస్తుడు. లేచి కుర్చీ వేశాడు.

"ఊరికే రాయలేదు మేడం. ఎండలో వాళ్ళింటికి పోయి, ఆ పిల్ల తల్లినే అడిగి రాశాను. ఇంట్లో సామాన్లన్నీ నిండుగా ఉన్నాయని ఆమే చెప్పింది."

"నిండుగా ఉన్నాయందా? ఆ మాటే అనిందా?"

చరణ్ గుర్తుచేసుకుని చెప్పాడు. "బియ్యం నిండుకున్నాయి, జొన్నలు నిండుకున్నాయి, నూనె కూడా నిండుకుంది అనింది. గొర్రెలు ఎన్నని అడిగితే ఆ పిల్ల తండ్రి 'దేవుడు ఇచ్చినన్ని ఉండాయి' అన్నాడే కానీ లెక్క చెప్పలేదు. దాస్తున్నాడనుకున్నాను."

నేను నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నాను. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

చదివేవాళ్ళలో కూడా చరణ్‌లాంటివాళ్ళు ఉండొచ్చు కాబట్టి చెప్తున్నాను. మన ఇళ్ళలో బియ్యం అయిపోతే అయిపోయాయి అనరు. నిండుకున్నాయి అంటారు. దీపం ఆరిపోతే కొండెక్కింది అంటారు. లేదు అనే మాట ఇంట్లో పలికితే తథాస్తు దేవతలు విని, ఔనంటారని భయం. మా ముస్లిం ఇళ్ళలోనూ అంతే. మా అబ్బా రాత్రి అంగడి మూసేటప్పుడు "మూసెయ్యి" అనేవాడు కాదు, ఉర్దూలో "బఢా దో" అనేవాడు. అంటే పెంచెయ్యి అని. గొర్రెల కాపరి కూడా తన మందను నోటితో లెక్కపెట్టి చెప్పడు, చెప్తే తరుగుతుందని. లక్షుమ్మ తన పేదరికాన్ని తనకు చేతనైనంత స్పష్టంగానే చెప్పింది. ఆ అబ్బాయి దాన్ని సంపద అని రాసుకున్నాడు.

అతన్ని తప్పుపట్టలేకపోయాను. ఆరో తరగతి నుంచి హాస్టళ్ళలోనే పెరిగాడట. గంట కొడితే ప్లేటు పట్టుకుని నిలబడటమే తప్ప, బియ్యం డబ్బా అడుగు గీకిన చప్పుడు ఎప్పుడు విన్నాడు కనుక.

అర్థం నేనే చెప్పేయొచ్చు. చెప్తే మేడం దబాయించిందని అనుకుంటాడు, పైవాళ్ళు అడిగితే వెనక్కి తగ్గుతాడు. అందుకని, "రేపు నాతో ఇంకొకసారి ఆ ఇంటికి రా నాయనా," అని మాత్రం అన్నాను.

కాలేజీకి పోయి సెలవు అడిగితే, ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. ఆయన రూలు దాటి అడుగు వేయని మనిషి.

"టీసీ అడిగిన పిల్లకు టీసీ ఇవ్వకుండా, తనిఖీ చేసినవాడిని వెంటబెట్టుకుని పల్లెకు పోతావా? అది మన పనేనా?"

"కాదు సార్. అందుకే సెలవు పెడతాండా."

ఆయన సంతకం పెట్టి, "నువ్వు నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు," అన్నారు. ఆ తర్వాత, "బండి మీద జాగ్రత్త," అన్నారు.

బెల్లం టీ

చరణ్ బండి వెనక కూర్చుని పోయాను. గుంతలన్నిటి లెక్క నా నడుముకు తెలుసు. లక్షుమ్మ ఇంట్లోనే ఉంది. మమ్మల్ని చూసి చాప పరిచింది. కూతురి చదువు ఆపించిన మనిషని తెలిసినా చరణ్‌ను ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చినవాళ్ళను అనకూడదు.

పొయ్యి దగ్గరికి పోయి అక్కడి నుంచే అడిగింది. "చక్కెర నిండుకున్న్యాది నాయనా. బెల్లమేసి టీ కాచేదా?"

చరణ్ మొహమాటంగా, "చక్కెర ఉంది కదమ్మా, మళ్ళీ బెల్లం ఎందుకు?" అన్నాడు.

లక్షుమ్మ వెనక్కి తిరిగి అతని ముఖంలోకి చూసింది. వెక్కిరిస్తున్నాడేమోనని చూసిందనుకుంటా. ఆ ముఖంలో అదేం లేదు.

"ఉంటే ఎయ్యనా నాయనా?" అంది.

చరణ్ నా వైపు తిరిగాడు. నేను పొయ్యి వైపు చూశాను. అతను లేచి పొయ్యి దగ్గరికి పోయాడు. చక్కెర డబ్బా మూత తీసి ఉంది. పక్కన బియ్యం డబ్బా, దాని పక్కన జొన్నల కుండ. లక్షుమ్మ అనుమతి అడిగి ఒక్కొక్కటే మూత తీసి చూశాడు. చూసి, ఆ కుండ మీద మూత మళ్ళీ పెట్టాడు.

"నిండుకోవడం అంటే..." అన్నాడు మెల్లగా.

"అయిపోవడం," అన్నాను.

"ఆ మాట ఇంట్లో అనగాకమ్మా," అని లక్షుమ్మ నన్ను మందలించింది. ఆ ఇంట్లో ఆ పూట తిట్టు తిన్నది నేనొక్కదాన్నే.

చరణ్ బెల్లం టీ తాగి, గ్లాసు తనే కడిగాడు. "మంద ఎక్కడుంది?" అని అడిగాడు.

గండి గుడికి పోయే దారిలో పాపఘ్ని ఏటి ఒడ్డున ఉంది మంద. చూస్తే పెద్దదే. ఓబులేసు కట్టె ఆనుకుని నిలబడి ఉన్నాడు. చరణ్ మళ్ళీ "ఎన్ని?" అని అడగబోతే నేను చేయి పట్టి ఆపి, "ఎన్ని అని అడగద్దు. ఎవరివి అని అడుగు," అన్నాను. గొర్రెలు మేపే ఇళ్ళ పక్కన పెరిగినదాన్ని, ఆ మాత్రం తెలుసు.

"అన్నా, అవి ఎవరివి?" అని అడిగాడు చరణ్.

ఓబులేసుకు ప్రాణం లేచొచ్చింది. "కుడి చెవి కోసినేటివి రెడ్డోల్లవి. పాలుకు మేపుతాండా. పిల్లలేస్తే సగం వాళ్ళకు, సగం మాకు. మెడకు నల్లదారం ఉండేటివి మా బావవి, కువైట్‌కు పోతా నాకు అప్పజెప్పినాడు. ఆ ఎర్రరంగు పూసినేటివి అంగడి కాదరయ్యవి." అట్లా చేత్తో చూపిస్తూ చూపిస్తూ, చివరికి గట్టు పక్కన మేస్తున్న చిన్న గుంపు దగ్గర ఆగాడు. "అవి," అని ఊరుకున్నాడు. తనవి అని కూడా అనలేదు. చరణ్ వాటిని మనసులోనే లెక్కపెట్టుకున్నాడు. నోటితో లెక్కపెట్టలేదు. ఆ పిల్లవాడు ఈ ఉద్యోగానికి పనికొస్తాడని నాకు అప్పుడే తెలిసింది.

గెలుపు

చరణ్ చేసిన పనికి నేను ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను. పోర్టల్లో పొరపాటు జరిగిందనో, సిగ్నల్ లేదనో రాసి తప్పించుకోవచ్చు. అలా చేయలేదు. "ఒక తెలుగు మాటకు అర్థం తెలియక నేను తప్పు రాశాను" అని తన పేరుతో రాసిచ్చాడు. తోటివాళ్ళు నవ్వారట. పై అధికారి కాగితం చదివి, "నాకు మా అవ్వ చెప్పబట్టి తెలుసు. నీకు చెప్పేవాళ్ళు లేరు, అంతే కదా," అని సంతకం పెట్టాడట.

డబ్బు ఎప్పటిలాగే నింపాదిగా వచ్చింది. కానీ మంజూరైందని తెలిసిన రోజే మా రూల్సు ప్రిన్సిపాల్ గారు ఫీజు రాకముందే మల్లేశ్వరికి హాల్ టికెట్ ఇవ్వమని తన నోటితోనే చెప్పారు. నేను ల్యాబ్ దాకా నడిచి పోలేదు, పరుగెత్తాను. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో. తెల్లకోటు వేసుకుని బ్యూరెట్టు ముందు నిలబడిన ఆ పిల్లకు, "మంజూరైంది," అన్నాను. చేతిలో పని ఆపకుండా, చుక్క చుక్కా వదిలి, రంగు మారేదాకా చూసి, కొలత రాసుకుని, అప్పుడు నన్ను పట్టుకుని ఏడ్చింది. ల్యాబంతా చప్పట్లు కొట్టింది. నేనూ ఏడ్చాను, సంతోషంతో ఏడవడానికి సిగ్గేముంది.

డిగ్రీలో కాలేజీకి ఫస్ట్ వచ్చింది. ఎమ్మెస్సీ సీటు వచ్చింది, అక్కడా స్కాలర్‌షిప్పే. ఓబులేసు గొర్రె ఒక్కటి కూడా అమ్మలేదు. ఆ తర్వాత సచివాలయంలో చరణ్ కొత్తగా చేరినవాళ్ళను తనిఖీకి పంపే ముందు, "ఎన్ని అని అడగొద్దు, ఎవరివి అని అడుగు" అని చెప్పేవాడని విన్నాను. పల్లెల నుంచి రద్దయిన దరఖాస్తులు మళ్ళీ ఒక్కొక్కటే బతికి వచ్చాయి. స్కాలర్‌షిప్ మంజూరయ్యేది పై ఆఫీసుల్లో అనుకుంటారు. సగం అడిగే ప్రశ్నలోనే మంజూరవుతుంది. ఇది నా తీర్పు, ఎవరు కాదన్నా మార్చుకోను.

నా సర్వీసులో చివరి అడ్మిషన్ల రోజుల్లో, గుమ్మం దగ్గర ఓబులేసు కనిపించాడు. భుజాన కొత్త పెట్టె. వెనకాల మల్లేశ్వరి పోలికలతో ఒక పిల్ల, ఆమె చెల్లెలు రేణుక. ఈ మనిషిని పెట్టెతో చూస్తే నాకు టీసీయే గుర్తొస్తుంది.

"ఏందప్పా, మళ్ళీ ఏమైంది?" అన్నాను.

ఓబులేసు పెట్టె దించాడు. ఎవరూ చెప్పకుండానే, తనంతట తనే, నా బల్ల పక్కన దించాడు.

"పెద్దదాన్ని మీరు పోనియ్యకుండా ఆపినారు మేడమ్మా," అన్నాడు. "దీన్ని నేనే తోలుకొచ్చినా."